పుచ్చుకోని గురువుకు దక్షిణ

రఘువంశం ఐదో సర్గలో కౌత్సుడని ఒక శిష్యుడుంటాడు. చదువు ముగిసింది, దక్షిణ ఏమివ్వమంటారని గురువు వరతంతు మహర్షిని అడుగుతాడు. నువ్వు భక్తితో చేసిన సేవే చాలు, వెళ్ళిరా అంటాడాయన. కుర్రాడు వినడు. పట్టుబట్టి మళ్ళీ అడుగుతాడు. చివరికి గురువుకు చిర్రెత్తుకొచ్చి, నీకు చెప్పిన విద్యలు 14 గనుక 14 కోట్లు పట్టుకురా అంటాడు. బిక్కమొహం వేసుకుని కౌత్సుడు రఘుమహారాజు దగ్గరికి వెళితే, ఆయన అప్పటికే విశ్వజిత్ యాగంలో ఉన్నదంతా దానం చేసేసి మట్టిపాత్రతో ఎదురొస్తాడు. ఆ తర్వాత కుబేరుడు భయపడి బంగారు వాన కురిపించడం వగైరా అందరికీ తెలిసిందే. కథ చదివినప్పుడల్లా గురువు కోపం కన్నా శిష్యుడి తొందరే ఎక్కువ గుర్తుండిపోతుంది. ఇచ్చేసి రుణం తెంచుకుపోదామన్న తొందర అది.

కౌత్సుడి లాంటివాడు 20వ శతాబ్దం మొదట్లో తిరువణ్ణామలైకి వచ్చి ఉంటే చాలా ఇబ్బంది పడేవాడు. మనవాళ్ళు అరుణాచలం అని పిలుచుకునే ఆ ఊరి కొండమీద ఒక యువకుడు కౌపీనంతో కూర్చుని ఉండేవాడు. మంత్రం ఇవ్వడు, దీక్ష ఇవ్వడు, నేను గురువునని చెప్పడు, ఫలానావాడు నా శిష్యుడనీ అనడు. 1930ల్లో ఆశ్రమం ఆస్తి గురించి ఒక దావా నడిచినప్పుడు, మీకు శిష్యులున్నారా అన్న ప్రశ్న ఆయన దాకా వచ్చింది. శిష్యులమని చెప్పుకునేవాళ్ళని తాను అవుననీ కాదనీ అననని, తన దృష్టిలో అందరూ ఒకటేనని ఆయన సమాధానం. ఆయనే రమణ మహర్షి.

డబ్బుతో ఆయన లావాదేవీలు 16 ఏళ్ళకే ముగిసిపోయాయి. 1896 ఆగస్టు 29న మదురైలో ఇల్లు వదిలేటప్పుడు, అన్నగారి కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన ఐదు రూపాయల్లో మూడు తీసుకుని, రెండు తాను రాసిన ఉత్తరం పక్కనే పెట్టి వచ్చాడు వెంకటరామన్. అదే ఆయన అసలు పేరు. దారిలో డబ్బు సరిపోక చెవిపోగులు తాకట్టు పెట్టి నాలుగు రూపాయలు తెచ్చుకున్నాడు. తాకట్టు చిరునామా రాసిన కాగితాన్ని చింపేశాడు. సెప్టెంబర్ 1న అరుణాచలం చేరాక మిగిలిన డబ్బు కోనేట్లో పారేశాడు. ఆ తర్వాత దాదాపు 54 ఏళ్ళు, 1950 ఏప్రిల్ 14న కన్నుమూసే దాకా, ఆ కొండని విడిచి వెళ్ళలేదు, డబ్బు ముట్టుకోలేదు.

ఇలాంటి మనిషి దగ్గర మేలు పొందినవాళ్ళు ఆ మేలుని ఏం చేసుకోవాలి? రమణాశ్రమం పుస్తకాల బీరువా చూస్తే కొంత తెలుస్తుంది. అందులో ఆయనంతట ఆయన కూర్చుని రాసినవి చాలా కొద్ది. మిగిలినవన్నీ ఎవరో అడిగితే రాసినవి, ఎవరో విని రాసిపెట్టుకున్నవి. తమిళ కవి మురుగనార్ అడగబట్టి 1927లో ‘ఉపదేశసారం’ పుట్టింది. దానికి తెలుగు, సంస్కృతం, మలయాళ రూపాలు కూడా ఆయనే చేశారు. అంతకు చాలా ముందు, 1902 ప్రాంతంలో, శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి కొండెక్కి ప్రశ్నలు వేస్తే, అప్పుడు మాట్లాడని స్వామి వేలితో ఇసుక మీదా, పలకమీదా జవాబులు రాశారు. ఇసుక మీది రాత ఎంతసేపు నిలుస్తుంది? పిళ్ళై వాటిని రాసుకుని, జాగ్రత్తగా దాచి, 20 ఏళ్ళ తర్వాత అచ్చుకిచ్చారు. ‘నేనెవరు’ అన్న పేరుతో ఇవాళ ప్రపంచమంతా చదివే చిన్న పుస్తకం అదే. మొత్తం బీరువా అంతా శిష్యుల దక్షిణే అంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఆ దక్షిణలో తెలుగువాళ్ళ వాటా చాలా పెద్దది.

మొదటి వాటా ఒక పేరు.

బొబ్బిలి దగ్గర కలువరాయిలో 1878 నవంబర్ 17న పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి, గురువు కన్నా ఏడాది పెద్ద. 22 ఏళ్ళకే వంగదేశంలోని నవద్వీపంలో, ఉద్దండ పండితుల సభలో ఆశువుగా కవిత్వం చెప్పి ‘కావ్యకంఠ’ బిరుదు తెచ్చుకున్నవాడు. వేదవేదాంతాలు చదివాడు, కోట్ల కొద్దీ జపం చేశాడు, వేలూరులో ఉపాధ్యాయ ఉద్యోగం వదిలేసి తపస్సు కోసం అరుణాచలం చేరాడు. అయినా లోపల ఏదో వెలితి. 1907 నవంబర్ 18న, కార్తీక దీపోత్సవం రోజుల్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో విరూపాక్ష గుహకి ఎక్కి వెళ్ళాడు. అరుగుమీద ఒక్కడే కూర్చున్న 27 ఏళ్ళ స్వామి పాదాలు రెండు చేతులా పట్టుకుని, చదవాల్సినవన్నీ చదివాను, జపం చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం తెలియలేదు, మీరే దిక్కని మొరపెట్టుకున్నాడు.

స్వామి పావుగంట సేపు ఆయన్ని అలా చూస్తూ ఊరుకున్నారు. తర్వాత రెండు ముక్కల్లో చెప్పారు. ‘నేను’ అన్నది ఎక్కణ్ణించి పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే అణిగిపోతుంది, అదే తపస్సు. మంత్రజపం చేస్తున్నా సరే, ఆ ధ్వని ఎక్కడ పుడుతోందో చూడు, అదీ తపస్సే.

అంత పండితుడికి అంత చిన్న జవాబు సరిపోయింది. సాయంత్రం దాకా అక్కడే ఉండి, సేవకుడు పళనిస్వామిని అడిగి స్వామి పూర్వనామం తెలుసుకున్నాడు. వెంకటరామన్‌ని ‘రమణ’ చేశాడు. అప్పటిదాకా ఊళ్ళో అందరూ ‘బ్రాహ్మణస్వామి’ అని పిలిచేవాణ్ణి ‘భగవాన్ శ్రీ రమణ మహర్షి’ అని తనవాళ్ళకి ఉత్తరం రాశాడు. ఆ పేరే స్థిరపడింది. తనకు తాను ఏ పేరూ పెట్టుకోని గురువుకి పేరుపెట్టింది ఒక ఉత్తరాంధ్ర కవి. వరస చూస్తే నవ్వొస్తుంది. గణపతిశాస్త్రిని శిష్యులు ‘నాయన’ అని పిలిచేవారు. రమణులు కూడా తన శిష్యుణ్ణి నాయనా అనే పిలిచారు.

నాయన తర్వాత ‘ఉమాసహస్రం’ మొదలుపెట్టారు, అమ్మవారిమీద వెయ్యి శ్లోకాలు. ఇన్నాళ్ళలో పూర్తిచేస్తానని మొక్కుకున్నారు. గడువు చివరి రాత్రికి ఇంకా దాదాపు 300 శ్లోకాలు మిగిలిపోయాయి. రమణులు వచ్చి వెనక మౌనంగా కూర్చున్నారు. నాయన నలుగురైదుగురు లేఖకుల్ని కూర్చోబెట్టి, ఒకరికొక పాదం, ఇంకొకరికొక పాదం చెప్పుకుంటూ పోయారు. అర్ధరాత్రికి పూర్తయింది. అప్పుడు రమణులు కళ్ళు తెరిచి, నేను చెప్పినదంతా రాసుకున్నారా అని అడిగారట. నాయన శిష్యులు తరతరాలుగా చెప్పుకునే ఈ కథని నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. అయితే వాళ్ళే చెప్పే ఇంకో చిన్న వివరం ఒకటుంది. మొదటి 700 శ్లోకాలనీ నాయన తర్వాత ఎన్నోసార్లు దిద్దారు, ఆ రాత్రి చెప్పిన చివరి 300 జోలికి మాత్రం వెళ్ళలేదు. తన పద్యంలో ఒక్క అక్షరం వదులుకోవడానికి ఏ కవికైనా ప్రాణం పోతుంది. దాదాపు మూడో వంతు కావ్యాన్ని ఇది నాది కాదని పక్కన పెట్టడం సామాన్యం కాదు.

అంత రుణపడ్డ శిష్యుడు గురువు చెప్పినట్టల్లా నడిచాడా అంటే, లేదు. రమణులది నిన్ను నువ్వు వెతుక్కోమనే దారి. నాయనది మంత్రశక్తితో, తపశ్శక్తితో దేశాన్ని నిలబెట్టాలనే ఆవేశం. కాంగ్రెస్‌లో చేరారు. అంటరానితనానికి శాస్త్రంలో చోటు లేదని పండితులతో వాదించారు. శక్తి ఉపాసన ఆఖరుదాకా వదల్లేదు. గురువు ఆపలేదు. పరాయివాడన్న భావన రెండువైపులా లేదు. శిష్యుల ప్రశ్నలకు రమణులిచ్చిన జవాబుల్ని సంస్కృత శ్లోకాల్లో కూర్చి 18 అధ్యాయాల ‘రమణగీత’ చేసింది ఈ భిన్నాభిప్రాయాల శిష్యుడే. గురుభక్తి అంటే తల ఊపడం అనుకునేవాళ్ళు నాయన జీవితం ఒకసారి తిరగేయాలి. 1936 జూలై 25న ఖరగ్‌పూర్ దగ్గర నింపురాలో ఆయన పోయారని తెలిసినప్పుడు రమణుల గొంతు పూడుకుపోయిందని, అలాంటివాడు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడని అన్నారని దగ్గరున్నవాళ్ళు రాశారు. నాయన గురువుమీద రాసిన ‘చత్వారింశత్’ శ్లోకాలు ఆశ్రమంలో ఈనాటికీ రోజూ చదువుతారు.

చదువూ పద్యమూ రానివాళ్ళ సంగతేమిటి? వాళ్ళు వండిపెట్టారు. మండకొళత్తూరు నుంచి వచ్చిన ఎచ్చమ్మ అనే ఆవిడ భర్తనీ, కన్నబిడ్డల్నీ వరసగా పోగొట్టుకుని, పిచ్చిపట్టినట్టై కొండెక్కింది. స్వామి ఏమీ మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. గంటసేపు ఎదురుగా నిలబడి కిందికి దిగేసరికి గుండెలమీది బరువు దిగిపోయిందని చెప్పేది. ఆ మర్నాటి నుంచి అన్నం వండి కొండమీదికి మోయడం మొదలుపెట్టింది. ఎండైనా వానైనా, స్వామికి పెట్టకుండా తాను ముద్ద ముట్టేది కాదు. ఆశ్రమం వెలిసి, వంటశాల వచ్చి, వందలమందికి భోజనాలు పెడుతున్నా మానలేదు. బయటి అన్నం ఇక వద్దని నిర్వాహకులు ఒకసారి ఆమెకు చెప్పారట. ఆరోజు భోజనాల గంట కొట్టినా రమణులు లేవలేదు. సంగతి అర్థమై, ఎచ్చమ్మని బతిమాలి వెనక్కి తీసుకొచ్చాక గాని కదల్లేదని చెబుతారు. 1945లో పోయేదాకా, దాదాపు 40 ఏళ్ళు, ఆవిడ ఆ పని చేసింది.

ఇంక సూరి నాగమ్మ. ఈ కథలో అందరికన్నా ఎక్కువసేపు ఆగాల్సింది ఈవిడ దగ్గరే.

గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. పదేళ్ళు దాటీ దాటకుండానే పెళ్ళి, ఏడాది తిరిగేసరికి వైధవ్యం. ఆ రోజుల్లో అలాంటి పిల్ల బతుకు ఇంట్లో ఏ మూల గడిచేదో వేరే చెప్పనక్కర్లేదు. బడి లేదు. అన్నదమ్ముల ఇళ్ళలో ఉంటూ అక్షరాలు కూడబలుక్కుని, పోతన భాగవతం చదువుకుని, పద్యాలు కట్టడం దాకా తనంతట తానే వచ్చారు. 1941లో అరుణాచలం చేరారు. ఆశ్రమంలో ఆడవాళ్ళు రాత్రిపూట ఉండకూడదన్న నియమం ఉండేది కనక బయట చిన్న ఇల్లు చూసుకుని, పొద్దున్నే వచ్చి హాల్లో స్త్రీల వైపు కూర్చుని, చీకటిపడే ముందు వెళ్ళిపోయేవారు.

1945లో ఆమె సోదరుడు డి.ఎస్. శాస్త్రి, బ్యాంకు ఉద్యోగి, అక్కడ జరిగే విశేషాలు ఉత్తరాలుగా రాయమని అడిగారు. ఆ నవంబర్‌లో మొదలైన ఉత్తరాలు భగవాన్ చివరి రోజుల దాకా సాగాయి. అవే ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’. శాస్త్రిగారే తర్వాత వాటిని ఇంగ్లీషులోకి తెచ్చారు. రమణుల మీద ఇంగ్లీషులో, తమిళంలో పుస్తకాలకు కొదవలేదు. మునగాల వెంకటరామయ్య రాసిపెట్టిన సంభాషణలున్నాయి, దేవరాజ మొదలియార్ డైరీ ఉంది. వాటిలో ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది. నాగమ్మ ఉత్తరాల్లో ఆ రెంటికీ చుట్టూ ఉన్నదంతా ఉంటుంది. కోతుల తగాదాలు, నెమళ్ళ రాకపోకలు, వచ్చినవాళ్ళ ఆర్భాటాలు, వంటింటి సంగతులు, స్వామి వేళాకోళాలు. తెల్లవారుజామున వంటింట్లో కూరలు తరిగే మహర్షి, పారేసే ప్రూఫు కాగితాల్ని కత్తిరించి నోటుపుస్తకాలు కుట్టుకునే మహర్షి, అందరి విస్తట్లో వడ్డించని పదార్థం తన విస్తట్లో వేస్తే కోప్పడే మహర్షి, ఆ మనిషి నడిచివస్తాడు. ఇంటి భాషలో, సోదరుడికి చెప్పుకునే చనువుతో రాయడం వల్ల వచ్చిన బలం అది. పండితులు రాసి ఉంటే ఆ కోతులు ఎగిరిపోయేవి.

లక్ష్మి అనే ఆవు సంగతి చూడండి. 1926లో దూడగా ఆశ్రమానికి వచ్చింది. వేళకి హాల్లోకి వచ్చి భగవాన్ దగ్గర నిలబడేది. కొండమీది రోజుల్లో అడవి ఆకుకూరలు ఏరి వండిపెట్టిన కీరపాట్టి అనే ముసలావిడే ఇలా పుట్టిందని భక్తుల నమ్మకం, రమణులు కాదనలేదు. 1948 జూన్ 18న లక్ష్మి పోయింది. ఆరోజు ఆయన కొట్టంలో గడ్డిమీద కూర్చుని దాని తల నిమురుతూ ఉండటం, తర్వాత శాస్త్రోక్తంగా సమాధి చేయించడం నాగమ్మ పూసగుచ్చినట్టు రాశారు. ముక్తి పొందిందని తెలిపే పద్యం ఒకటి రమణులు రాశారు, అది సమాధిమీద ఉంది. ఎప్పుడో పెట్టిన ఆకుకూర రుణం గురువు ఇలా తీర్చుకున్నాడని చదివేవాడికి అనిపిస్తుంది. నాగమ్మ మాత్రం ఆ తీర్పు చెప్పడానికి ఎక్కువ తొందరపడరు. చూసింది చెప్పి ఊరుకోవడం ఆమెకు తెలుసు.

ఆమె ఇవ్వడమే కాదు, ఒకటి పుచ్చుకున్నారు కూడా. తమిళంలో వెణ్బా అనే ఛందస్సు ఉంది, కొరుకుడు పడని లెక్కలు దానివి. 1947 ఫిబ్రవరిలో నాగమ్మ కోరిక మీద రమణులు ఆ వెణ్బా నడకలో తెలుగులో ఐదు పద్యాలు రాశారు. అదే ‘ఏకాత్మ పంచకం’. తర్వాతే దాన్ని తమిళం చేశారు. పుట్టుకతో తమిళుడు, తెలుగు అరుణాచలంలో నేర్చుకున్నవాడు, అప్పటికి 67 ఏళ్ళవాడు. ఆయన చివరి రచనల్లో ఒకటి మొదట తెలుగులో వచ్చిందంటే, బడి మొహం చూడని కొలనుకొండ వితంతువు అడగడమే కారణం.

ఇంతకీ రమణులకి గురువెవరు? మనిషి రూపంలో ఎవరూ లేరు. ఎదురుగా ఉన్న కొండే గురువన్నారు. భిక్షకు వెళ్ళే శిష్యులు పాడుకోవడానికి ఏదైనా రాసివ్వమని అడిగితే, కొండచుట్టూ తిరుగుతూ ‘అక్షరమణమాల’ కట్టారు. 108 ద్విపదల్లో అరుణాచలాన్ని బతిమాలతారు, నిలదీస్తారు, అలుగుతారు. తనకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదన్న మనిషి తన గురువు దగ్గర మాత్రం ఇంత గోల చేశాడు! 1950 ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకి ఆయన ఊపిరి ఆగేవేళ బయట భక్తులు పాడుతున్నది ఆ పాటే. అదే క్షణంలో ఒక ఉల్క ఆకాశంలో మెల్లగా కొండవైపు సాగడం చాలామంది చూశారు. అప్పుడు ఆశ్రమంలో ఉన్న ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్తియే-బ్రెస్సోఁ కూడా తాను చూశానన్నాడు.

ఆ రోజుల్లోనే అక్కడికి చేరిన ఇంకో తెలుగు మనిషి గుడిపాటి వెంకటచలం. ‘మైదానం’ రాసి, ఆచారాల్ని, గుళ్ళని, పెద్దమనుషుల్ని చెరిగేసిన చలం, గురువు కాళ్ళ దగ్గర కూర్చుంటాడని ఎవరూ అనుకోలేదు. స్నేహితుడు చింతా దీక్షితులు ముందు దారి చూపించారు. వెళ్ళడం, వాదించడం, నమ్మలేకపోవడం, మళ్ళీ వెళ్ళడం కొన్నేళ్ళు సాగాయి. 1950 మొదట్లో చలం విజయవాడ వదిలి కుటుంబంతో సహా అరుణాచలానికి మకాం మార్చేశారు. గురువు రెండు నెలలే ఉన్నారు. ఆయన పోయాక చలం తిరిగి రాలేదు. 1979 మే 4న కన్నుమూసేదాకా 29 ఏళ్ళు అక్కడే. తెలుగు సాహిత్యంలో కొందరు దీన్ని చలం ఓటమిగా చూశారు, చాలా ఎకసెక్కాలు ఆడారు. కాని ఆయన అక్కడ కూర్చుని చేసిన పనుల్లో ఒకటి ‘భగవాన్ స్మృతులు’. రమణుల్ని దగ్గరగా చూసినవాళ్ళ జ్ఞాపకాల్ని పోగుచేసి తెలుగులో పెట్టారు. జీవితమంతా ‘నేను’ అంటూ రాసిన రచయిత, ఇక్కడ పక్కకి తప్పుకుని ఇతరుల గొంతులు వినిపించడం విచిత్రంగానే ఉంటుంది.

వీటి పక్కనే కృష్ణభిక్షు రాసిన ‘రమణలీల’ కూడా ఉండాలి. తెలుగులో వచ్చిన జీవితచరిత్ర అది, రమణులు స్వయంగా చూసి తప్పులు దిద్దింది.

ఈమధ్య పున్నమి వచ్చిందంటే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి అరుణాచలానికి బస్సుల మీద బస్సులు వెళుతున్నాయి. 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, గుడిలో దర్శనం, తెల్లారేసరికి తిరుగు ప్రయాణం. దారిలోనే ఉన్న రమణాశ్రమంలోకి ఒక పావుగంట తొంగిచూసేవాళ్ళు కొందరు. గేటు లోపల పుస్తకాల షాపులో తెలుగు అరలు నిండుగానే ఉంటాయి. వీటిలో ఏదో ఒకటే కొనుక్కునే వీలుంటే, నాగమ్మ లేఖలు తీసుకోవచ్చు. వరసగా చదవాల్సిన పని కూడా లేదు. ఆవు లక్ష్మి చనిపోయిన ఉత్తరంతో మొదలుపెట్టి, నచ్చితే వెనక్కి వెళ్ళవచ్చు.